తెల్ల దారం ముడి

మా అమ్మకు సూర్యాపేట ఆడవాళ్ల గురించి తెలిసినంత వాళ్ల మొగుళ్లకు కూడా తెలియదని మా చిన్నమ్మ అనేది. నవ్వడానికి అన్న మాటే గానీ అందులో అబద్ధం లేదు. ఎనభైల్లో మా ఇల్లు కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కన బట్ట కత్తిరించే బల్ల, గోడకు నిలువుటద్దం. బాపు ధాన్యం మార్కెట్లో కాంటా దగ్గర పనికి వెళ్తే, అమ్మ పొద్దంతా జాకెట్లు కుట్టేది. ఊళ్లోవాళ్లే కాదు, పెన్‌పహాడ్ నుంచి, ఇంకా చుట్టుపక్కల పల్లెల నుంచి అంగడికి వచ్చినవాళ్లు కూడా చంకలో ఆది జాకెట్టు పెట్టుకుని మా గుమ్మం ఎక్కేవాళ్లు.

ఆది జాకెట్టంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు. "దీని లెక్కనే కుట్టు" అని బల్ల మీద పెడతారు. కానీ ఒళ్లు ఏడాది పొడుగునా ఒక్క తీరుగా ఉండదు కదా. పోయినసారి కుదిరింది ఈసారి చంకల్లో పట్టేస్తుంది, లేదంటే భుజం మీద నుంచి జారిపోతుంది. అప్పుడు అమ్మ టేపు తీయక తప్పదు. ఎవరికి నెల తప్పిందో అత్తగారికంటే ముందు అమ్మకు తెలిసేది. ఎవరు దిగులుతో అన్నం మానేసి చిక్కిపోతున్నారో తెలిసేది. ఎండాకాలంలో ఒకామె మోచేతుల కిందిదాకా చేతులు పెట్టమని అడిగితే, దేన్ని కప్పుకోవడానికో అదీ అమ్మకు తెలిసేది.

అమ్మను ఎవరి గురించి ఏమడిగినా జవాబు ఒకటే.

"నాకేం ఎరుక?"

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు. పక్కింటి గొడవ సగంలో ఆగిపోతే ఆ రాత్రి నిద్ర పట్టని దాన్ని. అట్లాంటి నాకు, ఊరి ఆడవాళ్ల సంగతులన్నీ కడుపులో దాచుకుని ఏమీ తెలియనట్టు దారం ఎక్కించుకునే తల్లి దొరికింది. దేవుడికి నా మీద ఏం కోపమో.

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాది కాదు. ఎవరిదో ఆమెను అడిగాను. "రాసుకో, పేరు మాత్రం వద్దు" అంది. కాబట్టి రాస్తున్నాను.

పెద్ద రోడ్డు మీద టైలరు దుకాణంలో పద్ధతి వేరుగా ఉండేది. ప్రతి జాకెట్టుకూ పేరు రాసిన చీటీ గుచ్చి, బయట తీగకు వరసగా తగిలించేవాళ్లు. అంగడికి పోయే వాళ్లందరూ చదువుకుంటూ పోవచ్చు. దుకాణం పిల్లగాడు కూడా గొంతు తగ్గించేవాడు కాదు. "మీది మళ్ల వదులు చేసినమమ్మా, ఇగ లోపల బట్ట లేదు" అని అందరి ముందూ ఒకామెతో అన్నాడట. ఆమె ఆ జాకెట్టు తీసుకుని ఇంటికి పోలేదు, నేరుగా మా ఇంటికి వచ్చింది. పాపం ఆ పిల్లగాడికి తను ఏం తప్పు చేశాడో ఈ రోజుకీ తెలిసి ఉండదు.

అమ్మ చీటీలు రాసేది కాదు. రాయడం రాక కాదు, ఏడో తరగతి దాకా చదువుకుంది. మా బట్టలు ఉతికే చాకలామె ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు అంచు మీద జీడిగింజ నల్లరసంతో పెట్టేది. ఆ గుర్తు ఆమెకు తప్ప ఇంకొకరికి తెలియదు. అమ్మ దాన్ని చూసి తన పద్ధతి తయారు చేసుకుంది. కొత్త గిరాకి రాగానే దారపు రీళ్ల డబ్బా ఆమె ముందు పెట్టేది. "నీకు నచ్చిన రంగు తియ్యి" అనేది. ఆ రంగు దారంతో అమ్మ ఒక ముడి వేసేది. ఒకరికి ఒంటి ముడి, ఒకరికి జంట ముడి, ఒకరికి దారాన్ని జడలా అల్లి చివర ముడి. బట్ట మూటకు అదే గుర్తు. పాత గిరాకీల కొలతకు పాత పేపర్లు కత్తిరించి ఉంచుకునే కటింగులకూ అదే గుర్తు. ఎవరైనా వచ్చి మా ఇల్లంతా తిరగేసినా, రంగుదారాలు కట్టిన పేపరు ముక్కలు తప్ప ఏమీ దొరకదు. ఏ ముడి ఎవరిదో అమ్మ తలలో ఉంది, తన ముడి ఏదో ఆ మనిషికి తెలుసు. అంతే.

నేను ఊరుకుంటానా? ఆకుపచ్చ జంట ముడి ఎవరిదో కనిపెట్టడానికి వారం పాటు గుమ్మంలో కాపలా కాశాను. చివరికి అది మా చిన్నమ్మదేనని తేలింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

మా బడిలో లెక్కల టీచరమ్మ ఉండేది. ఆమెది కోదాడ పక్కన చిలుకూరు. మాటలో కొంచెం ఆంధ్రా తీరు ఉండేది, అందుకని మేము వెనకాల ఆమెలాగా మాట్లాడి నవ్వుకునేవాళ్లం. సుద్దముక్కతో గుండ్రం గీస్తే కొలిచి గీసినట్టే వచ్చేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమె సెలవు పెట్టి హైదరాబాద్ దవాఖానకు వెళ్లింది. ఏదో ఆపరేషన్ అన్నారు. కడుపులో గడ్డ అని కొందరు, కిడ్నీలో రాయి అని కొందరు. నేను రాయి వైపు ఉన్నాను.

అసలు సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. కానీ మిమ్మల్ని పరేషాన్ చేయడం నాకిష్టం లేదు, ఇప్పుడే చెప్పేస్తాను. ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. రొమ్ము మొత్తం తీసేశారు.

తిరిగొచ్చాక, ఇంకా బడికి రాకముందే, ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. పిల్లలందరం బడిలో ఉండే సమయం చూసుకుని వచ్చింది. అమ్మ తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టింది. టీచరమ్మ చాలాసేపు పైట తీయకుండా అద్దానికి వీపు పెట్టి నిలబడిందట. తరువాత ఒకటే మాట అంది. "నేను మళ్లీ బడికి పోవాలి అక్కా. పిల్లలు బోర్డు చూడాలి గానీ నన్ను చూడకూడదు."

అమ్మ అయ్యో అనలేదు. ఎట్లా అయింది, ఎప్పుడు అయింది అని అడగలేదు. రీళ్ల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. టీచరమ్మ తెల్ల దారం తీసింది. తెల్లది ఎవరూ తీసేవాళ్లు కాదు, మాసిపోతుందని.

ఇక నాకు తెలిసిన భాగానికి వస్తాను. ఒకరోజు జ్వరం వచ్చి బడికి పోకుండా ఇంట్లో పడుకున్నాను. అమ్మ పొయ్యి మీద రాగులు వేయిస్తోంది. జావ కాస్తుందనుకుని గిన్నె పట్టుకుని కూర్చున్నాను. అమ్మ రాగులు చల్లార్చి, గిన్నె వైపు చూడకుండా, వాటిని తీసుకుని కుట్టుమిషను దగ్గరికి పోయింది. చిన్న తెల్ల సంచిలో పోసింది. సంచిని అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని బరువు చూసింది. కొంచెం తీసింది. మళ్లీ చూసింది. దాని చుట్టూ దూది పెట్టి, ఇంకో బట్టలో పెట్టి కుట్టింది.

"ఏందమ్మా అది?"

"నీకెందుకే? జరమొచ్చినదానివి పండుకో."

"నా జావేది?"

"ఒర్లకు, జావ కాస్త గదా."

జావ కాచింది గానీ జవాబు మాత్రం రాలేదు. నేను జ్వరంలోనే రకరకాలుగా ఆలోచించాను. మిషనుకు ఎవరి దిష్టో తగిలిందేమో, దిష్టి తీస్తుందేమో అనుకున్నాను. బాపు నడుముకు కాపడం పెట్టే సంచేమో అనుకుని సాయంత్రం బాపును అడిగాను. ఆయన నా నుదురు పట్టుకుని చూసి, జ్వరం ఇంకా తగ్గలేదన్నాడు. అమ్మ నెలనెలా రాగులు వేయించడం, పాతవి పిట్టలకు వేయడం ఆ తరువాత కూడా గమనించాను. పిట్టలకు వేయించిన రాగులు ఎందుకు, పచ్చివి తినవా అని కూడా అడిగాను. దూది ఒక్కటే పెడితే తేలికై పైకి జరుగుతుందని, లోపల కాస్త బరువుండాలని, వేయించకపోతే రాగులు వానాకాలంలో పురుగు పడతాయని తెలుసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

టీచరమ్మ బడికి వచ్చింది. ఎప్పటిలాగే బోర్డు దగ్గర నిలబడింది, ఎప్పటిలాగే గుండ్రం గీసింది. మారింది ఒక్కటే. అంతకుముందు ఆమె క్లాసులోకి వస్తూనే బోర్డు తుడిచేది. ఇప్పుడు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, మొదట నా వైపు చూసేది. ముందు బెంచీలో కూర్చునే నన్ను, నేరుగా కళ్లలోకి. ఆ తరువాతే బోర్డు. రోజూ ఇదే. ఇంటిపని చేయలేదని నా మీద అనుమానమేమో అనుకున్నాను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, నేను చూపు దించే రకం కాదు. ఎందుకు చూస్తోందో తెలుసుకోవాలి కదా. నేనూ కళ్లప్పగించి ఆమెనే చూసేదాన్ని.

ఆ ఏడాది పెళ్లిళ్ల కాలంలో మిర్యాలగూడ నుంచి ఒక రైసుమిల్లు యజమాని భార్య కారేసుకుని మా సందులోకి వచ్చింది. సందు ఇరుకు, కారు లోపలికి రావడానికే అరగంట పట్టింది, పిల్లలందరం చుట్టూ చేరాం. బిడ్డ పెళ్లి. పట్టు జాకెట్టు ముక్కలు బల్ల నిండా పరిచింది. పట్టంటే ఏమిటో నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆ పని చేతికి వస్తే మిషనుకు కరెంటు మోటారు పెట్టించుకోవచ్చని అమ్మ ముఖంలోనే కనిపించింది. తొక్కీ తొక్కీ అమ్మ మోకాళ్లు వాచిపోయేవి. రాత్రుళ్లు నేనే వాటికి నూనె రాసేదాన్ని.

చాయ్ తాగుతూ ఆమె మెల్లగా అసలు మాట తీసింది. టీచరమ్మ అద్దెకుండే ఇల్లు ఈ మిల్లు ఆమె చుట్టాలదేనట.

"ఏమ్మా, గా లెక్కల టీచరమ్మ హైదరాబాద్‌ల ఏం ఆపరేషన్ చేయించుకున్నది? ఎవలనడిగినా ఒక్కొక్కలు ఒక్కో తీరుగ చెప్తున్నరు."

"నాకేం ఎరుకమ్మా?"

"జాకెట్లు నీ దగ్గరనే కుట్టిస్తదట గదా. కొలతలు తీసేదానివి, నీకు ఎరుక లేకుంట ఎట్లుంటది?"

"కొలత కాడికే నాకెరుక."

"గదే అడుగుతున్న. గా కొలతనే చెప్పు. నేనేమన్న ఊరంత చాటింపు ఏస్తనా?"

అమ్మ పట్టు ముక్కల్ని ఒక్కొక్కటిగా మడతపెట్టడం మొదలుపెట్టింది. "రేపు మీ బిడ్డ కొలతలు ఎవలన్న వచ్చి అడిగితే చెప్పుమంటరా అమ్మా?" అంది. గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

"నా బిడ్డకేం రోగమున్నది చెప్పనీకి?" ఆమె చాయ్ సగంలోనే వదిలేసి లేచింది. "కుట్టేటోళ్లకు కరువొచ్చిందా ఏంది? ఇంకెక్కడనన్న కుట్టించుకుంటం." పట్టంతా మళ్లీ కారెక్కింది. కారు వెనక్కి పోవడానికి ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. అంతసేపూ అమ్మ గుమ్మంలో నిలబడే ఉంది, మర్యాదకు.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, అమ్మ మీద. "ఒక్క ముక్క చెప్తే ఏం పోతుండె? మోటారు వస్తుండె గదా!" అని కాళ్లు నేలకేసి కొట్టాను. అసలు చెప్పడానికి ఏదో ఉందని, అది అమ్మకు తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. దాంతో కోపం, ఆరాటం రెండూ కలిసిపోయాయి. "ఆమెకు చెప్పకు, నాకన్న చెప్పు" అని కొంగు పట్టుకున్నాను.

"పోయి బోళ్లు తోము" అంది అమ్మ.

తోమాను. పక్క సందు దాకా వినిపించేట్టు తోమాను. అమ్మ మిషను తొక్కుతూ కూర్చుంది. ఆ రాత్రి నూనె రాయించుకోలేదు, తనే రాసుకుంది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ తరువాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ మిల్లు యజమాని భార్య ఊరుకునే మనిషి కాదు. పోయిన ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో మా అమ్మను తిట్టిందట. "సూర్యాపేటల ఒకామె ఉన్నది, నోట్లకెల్లి ఒక్క మాట ఊడిపడదు, కొండను తవ్వినా అంతే" అని. మిర్యాలగూడలో విన్నవాళ్లు విన్నారు. ఆరు నెలలు తిరగకముందే అక్కడి నుంచి బస్సెక్కి ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. అంత దూరం నుంచి ఎందుకు వస్తున్నారో, అక్కడ టైలర్లే లేరా అని నేను అడిగితే, ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "మీ అమ్మ కాడ మాట బయటికి పోదంట గదా" అంది. ఏ మాటో చెప్పలేదు. ఆమె కూడా అమ్మ రకమే.

మిల్లు ఆమె మాత్రం మళ్లీ రాలేదు. ఆమె బిడ్డ వచ్చింది. పెళ్లయిన ఏడాదికి, కారులో కాదు, బస్సులో, ఒక్కతే. దేనికి వచ్చిందో నాకు తెలియదు. అమ్మ తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టింది.

మోటారు కూడా వచ్చింది, కాస్త ఆలస్యంగా.

ఇప్పుడు ఏదైనా చీరల దుకాణానికి పోతే బిల్లు కొట్టకముందే ఫోను నంబరు అడుగుతారు. పుట్టినరోజు ఎప్పుడని అడుగుతారు, పెళ్లిరోజు ఎప్పుడని అడుగుతారు. ఇవ్వనంటే నేనేదో దొంగతనం చేసినట్టు చూస్తారు. ఇచ్చిన మర్నాటి నుంచి ఎవరెవరో ఫోన్ చేసి పేరు పెట్టి పిలుస్తారు. అప్పుడల్లా నాకు రీళ్ల డబ్బా గుర్తొస్తుంది. అమ్మ గిరాకిని ఏమీ అడిగేది కాదు. రంగు ఒక్కటి తియ్యమనేది.

నేను పదో తరగతి దాటాక టీచరమ్మకు కోదాడకు బదిలీ అయింది. సొంతూరికి దగ్గరని తనే అడిగి చేయించుకుందన్నారు. నేను ఇంటర్, డిగ్రీ ముగించి ఇంట్లో కూర్చున్నాను. అప్పటికి తొంభైలు వచ్చేశాయి. అమ్మ కళ్లలో పొర పెరిగింది. సూదిలో దారం నన్ను ఎక్కించమనేది. ఒకసారి కాలర్ మెడ వంకరగా పోయింది. ఆ జాకెట్టు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చి, ఆ వారమే పని ఆపేస్తానంది.

మిషను కొనడానికి పెద్ద రోడ్డు టైలరే వచ్చాడు. మిషనును ఒకసారి తిప్పి చూశాడు గానీ అతని కళ్లు అటక మీద ఉన్నాయి. అక్కడ పేపరు కటింగులు, రంగుదారాల ముడులతో, కట్టలు కట్టలుగా ఉన్నాయి.

"అక్కా, గవి గూడ ఇచ్చెయ్యి. మిషన్ కంటె గవ్వే నాకు కావాలె. ఏ ముడి ఎవలదో చెప్తే సాలు, నీ గిరాకి మొత్తం నా కాడికి వస్తది. మిషన్‌కు ఇచ్చేదానికి రెండింతలు ఇస్త."

"మిషన్ నాది, అమ్ముకుంట. అవి నాయి కావు."

"నాయి కావంటే ఎట్ల? నువ్వు కత్తిరిచ్చినవే గదా?"

"కత్తిరిచ్చిన. ఒళ్లు వాళ్లది గదా."

అతను నవ్వాడు, అమ్మ నవ్వలేదు. మిషను ఒక్కటే తీసుకుపోయాడు. తరువాత రోజుల్లో అమ్మ ఎవరి కటింగు వాళ్లకు ఇచ్చేయడం మొదలుపెట్టింది. కూరగాయలకు పోయేటప్పుడు కొన్ని సంచిలో పెట్టుకుపోయేది. చనిపోయినవాళ్లవి, ఊరు విడిచి ఎక్కడికో పోయినవాళ్లవి ముక్కలు చేసి నీళ్ల పొయ్యిలో వేసింది. చివరికి ఒకటి మిగిలింది. పేపరు పసుపు పచ్చబారింది. తెల్ల దారం మాసి మట్టిరంగుకొచ్చింది.

"కోదాడ పోయి టీచరమ్మ చేతుల పెట్టి రాపో. ఇంకెవల చేతుల పెట్టకు" అంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో ఆ పేపరు మడత. ఎన్నో ఏళ్లుగా నేను కూపీ లాగుతున్న సంగతి నా చేతిలోకే వచ్చి కూర్చుంది. చుట్టూ ఎవరూ తెలిసినవాళ్లు లేరు. వేలు ముడి మీదికి పోయింది. ఒకసారి కాదు, కోదాడ చేరేదాకా పోతూనే ఉంది. నేను విప్పలేదు. నా గొప్పతనం ఏమీ లేదందులో. అమ్మ వేసే ముడి మళ్లీ వేయడం నాకు రాదు.

టీచరమ్మ ఇంట్లోనే ఉంది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, లోపలికి రమ్మని, మంచినీళ్లు ఇచ్చింది. నేను ఇచ్చిన మడత తీసుకుని ముడిని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"విప్పి చూశావా?"

"లేదు టీచర్. విప్పితే మళ్ల గట్ల కట్టుడు నాకు రాదు."

ఆమె గట్టిగా నవ్వింది. నా ముందే ముడి విప్పి, పేపరు ముక్కలు మంచం మీద పరిచింది. వీపు ముక్క, చేతులు, ముందు ముక్కలు రెండు. ముందు ముక్కలు రెండూ ఒక తీరుగా లేవు. అమ్మ కత్తిరించడంలో తప్పు చేసిందేమోనని మొదట అనుకున్నాను. ఒక చెయ్యి కూడా ఇంకో చేతికంటే వదులుగా ఉంది.

అప్పుడు ఆమె చెప్పింది. ఆపరేషను, తలుపు వేసిన మధ్యాహ్నం, రాగుల సంచి, సాయంత్రానికి చెయ్యి వాచిపోతుంటే అమ్మ వదులు చేసిన చేతులు, అన్నీ. ఏ తడబాటూ లేకుండా, క్లాసులో లెక్క చెప్పినట్టు వరసగా చెప్పింది. "ఇప్పుడు బడిలో ఆడపిల్లలకు నేనే చెప్తున్నా, గడ్డ కనిపిస్తే దాచుకోకండి, దవాఖానకు పోండి అని. అప్పుడు చెప్పలేకపోయాను. చెప్పేది నేనే అయి ఉండాలి, నాకు ధైర్యం వచ్చినప్పుడు. మీ అమ్మ ఆ వీలు నాకు ఉంచింది."

నేను వింటున్నాను. నా జావ ఎందుకు ఆలస్యమైందో, పిట్టలకు వేయించిన రాగులు ఎందుకు పడేవో ఒక్కొక్కటిగా తేలుతోంది. అయినా ఒకటి మిగిలింది. నా జబ్బు తెలుసు కదా, అడిగేశాను.

"టీచర్, మీరు క్లాసులకు రాంగనే నన్నే ఎందుకు చూసేటోళ్లు?"

ఆమె కాసేపు పేపరు ముక్కల్ని సవరించింది.

"ఊళ్లో మీ అమ్మ ఒక్కదానికే తెలుసు. ఆమె ఎవరికీ చెప్పకపోయినా కూతురికి చెప్తుందేమోనని భయం. ఇంట్లో మాట పిల్లల చెవిన పడకుండా ఉంటుందా? నీకు తెలిస్తే క్లాసంతా తెలిసినట్టే. అందుకని రోజూ ముందు నీ కళ్లు చూసేదాన్ని. నా సంగతి తెలిసినవాళ్లు, చిలుకూరులో మా అమ్మతో సహా, ఒక్క క్షణం చూసి చూపు పక్కకు తిప్పుకునేవాళ్లు. నువ్వు చూపు తిప్పుకున్న రోజు ఇంక ఆ బడికి రాకూడదు అనుకున్నాను. నువ్వేమో కళ్లు పెద్దవి చేసుకుని నన్ను తినేసేటట్టు చూసేదానివి. హమ్మయ్య, దీనికి ఇంకా తెలియదు అనుకుని బోర్డు వైపు తిరిగేదాన్ని. నువ్వు బడి దాటిపోయేదాకా, ప్రతిరోజూ."

ఆ మాట వింటూ నేను ఆమె వైపు చూడలేకపోయాను. కళ్లు వాటంతట అవే మంచం కోడు మీదికి పోయాయి.

"ఇదిగో" అంది ఆమె, నవ్వుతూనే. "ఇప్పుడు తిప్పుకున్నావు."

నాకు ఏడుపొచ్చింది. బలవంతాన తల ఎత్తి ఆమె కళ్లలోకి చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. ఆమె లేచి నా తల మీద చెయ్యి పెట్టి, తినడానికి మురుకులు తెస్తానని లోపలికి వెళ్లింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకింది. మిషను పోయిన చోట అమ్మ పీట వేసుకుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. అడుగుల చప్పుడు విని తల ఎత్తింది.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఆమె చేతులనేనా?"

"ఆమె చేతులనే."

అమ్మ గిల్లడం ఆపింది. చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. "నీ ముందల్నే విప్పిందా?" అంది.

నోటిదాకా వచ్చింది అంతా. రాగులు, చూపులు, బోర్డు, అమ్మ గురించి ఆమె అన్న మాట. అయినా అది ఆమె నాకు చెప్పుకున్న సంగతి. అమ్మకు చెప్పమని ఆమె అనలేదు.

"నాకేం ఎరుక?" అన్నాను.

అమ్మ నా ముఖాన్ని దగ్గరికి లాక్కుంది. పొర కమ్మిన కళ్లకు ఆనాలంటే అంత దగ్గర కావాలి. టీచరమ్మ చూసినట్టే నా కళ్లలోకి చూసింది. నేను చూపు తిప్పలేదు. చివరికి అమ్మ నన్ను వదిలి, "కాళ్లు కడుక్కో, అన్నం తిందువు" అంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పొర వల్లనో, ఇంకెందుకో నేను అడగలేదు.